చార్టు ఆఖర్న, ప్రశ్న మొదట

చిరంజీవి అమ్మాయికి,

నాలుగో తరగతి పిల్లలతో చరిత్ర ప్రాజెక్టు చేయిస్తానన్నావు. చేయించు. ఆరు వారాలు పెట్టుకో, వారానికి రెండు పీరియడ్లు చాలు. నాలుగు వారాల వరకు చార్టులు, రంగు పెన్నులు బీరువాలోంచి తీయకు. అవి కంటపడ్డాయా, పిల్లలకు ఇక అంచుల మీద పువ్వులే లోకం.

చాలా ప్రాజెక్టులు ప్రశ్న దగ్గరే మునుగుతాయి. "రైళ్ల చరిత్ర" అని ఇస్తే పిల్లాడు ఇంటర్నెట్‌లో మొదట కనిపించిన పేజీ దింపుకొస్తాడు. వాడి తప్పేం లేదు. ఒక చోటు, ఒక కాలం, ఒక మార్పు, ఈ మూడూ ప్రశ్నలో ఉన్నాయో లేదో చూడు. "యాభై ఏళ్ల కిందట మన బడికి పిల్లలు ఎలా వచ్చేవాళ్లు, ఇప్పుడెలా వస్తున్నారు?" అన్నది పనికొస్తుంది. జవాబు ఒక్క పుస్తకంలోనే దొరికేస్తే ఆ ప్రశ్న మార్చెయ్. ఇందుకు వారమంతా పట్టినా కంగారు పడకు.

జట్టుకు ముగ్గురు. నలుగురైతే ఒకరు ఖాళీగా కూర్చుంటారు, ఇద్దరైతే ఒకరు బడి మానిన రోజు పని ఆగిపోతుంది.

పాత ఫొటోతో మొదలుపెట్టు. దాన్ని నాలుగు భాగాలనుకుని, మూడింటిని కాగితంతో కప్పి, ఒక్కొక్కటే చూపించు. నోటుబుక్కులో రెండు గళ్లు గీయించు: "చూసింది", "అనుకున్నది". మొదటి గడిలో "వీళ్లు పేదవాళ్లు" అని రాసేస్తారు. "నీకెలా తెలుసు?" అని అడుగు. "కాళ్లకు చెప్పుల్లేవు టీచర్" అంటారు. చెప్పుల్లేకపోవడం మొదటి గడిలోకి, పేదరికం రెండో గడిలోకి. "నీకెలా తెలుసు?" అని ఆరు వారాలూ విసుక్కోకుండా అడుగుతూనే ఉండాలి.

పెద్దవాళ్లతో మాట్లాడించేటప్పుడు ఆరు ప్రశ్నలు, ఇరవై నిమిషాలు దాటనివ్వకు. "అప్పట్లో బడి బాగుండేదా?" అంటే "ఓ, బాగుండేది" అంటారు, అక్కడితో సరి. "బడికొచ్చే దారిలో ఏమేం కనిపించేవి?" అంటే మాట సాగుతుంది. ఒకరు అడగాలి, ఒకరు రాయాలి, మూడోవాడు వింటూ తనకు తట్టింది అడగాలి. రికార్డు చేసేట్టయితే ముందే అనుమతి తీసుకోవాలి. విన్నది ఆ రోజే రాయించు. రెండ్రోజులు పోతే పిల్లలు తెలియకుండానే సగం కల్పించేస్తారు.

పెద్దవాళ్లకు సంవత్సరాలు సరిగ్గా గుర్తుండవు. "అప్పుడు మీకెన్నేళ్లు?" అని అడిగించి లెక్క కట్టించు: 1958లో పుట్టి తొమ్మిదేళ్ల వయసులో జరిగిందంటే 1967 అటూ ఇటూ. దాన్ని బడి రిజిస్టరుతో సరిచూడాలి.

"అచ్చులో ఉంది కదా టీచర్" అంటారు. టైటానిక్ సంగతి చెప్పు. 1912 ఏప్రిల్ 15న అది మునిగితే, ప్రయాణికులంతా క్షేమమని కొన్ని పత్రికలు అచ్చేశాయి. చనిపోయినవాళ్లు దాదాపు 1,500 మంది. ఆనాటి పత్రికైనా సరే, రెండో ఆధారం లేకుండా ఏదీ ఖాయం చేయనివ్వకు.

రాసుకోవడానికి పోస్టుకార్డంత అట్టముక్కలు. ఒక్కోదాని మీద ఒకే సంగతి, వెనక అదెక్కడ దొరికిందో. పుస్తకం మూశాకే రాయాలని నియమం పెట్టు, ఎత్తిరాయడం చాలా మటుకు తగ్గుతుంది. తర్వాత గోడకు తాడు కట్టి, ఏడాదికి 2 సెంటీమీటర్ల చొప్పున (యాభై ఏళ్లకు ఒక మీటరు) అట్టలను క్లిప్పులతో వేలాడదీయించు. తేదీలు పొసగనివి అక్కడే బయటపడతాయి.

అయిదో వారంలో చార్టు. అదీ తరగతిలోనే. ఇంటికి పంపితే తల్లిదండ్రుల చేతిరాతతో తిరిగొస్తుంది. చార్టు మీద "మాకింకా తెలియనివి" అని ఒక గడి తప్పకుండా ఉంచు. మార్కులు వేసేటప్పుడు నేనైతే ముందు చూసేది దాన్నే.

ఎవరింటి నుంచైనా అసలు ఫొటో వస్తే ఆ రోజే నకలు తీయించి, వెనక్కి పంపెయ్. జిగురు డబ్బా ఉన్న గదిలోకి అసలు ఫొటో రానే కూడదు.