పాపులిజం అంటే ఉచిత పథకాలేనా? సమాధానం

తమ్ముడూ, ఎంఏ పరీక్షలో పాపులిజం గురించి అడిగితే ఎన్టీఆర్ రెండు రూపాయల కిలో బియ్యం గురించి రాశానని, మార్కులు బాగా కోసేశారని అన్నావు. తప్పంతా నీది కాదులే. మన పేపర్లు ఆ మాటని 'జనాకర్షక పథకాల'కే వాడి వాడి అలా చేశాయి. ఆ బియ్యం సంక్షేమ పథకం. రాజకీయ సిద్ధాంతంలో అడిగేది వేరు: 'ప్రజలు' అంటే ఎవరు?

అర్జెంటీనాకు చెందిన రాజకీయ సిద్ధాంతకర్త లక్లావ్ చెప్పేదేమిటంటే, ప్రజలు ముందే తయారుగా ఉండరు, రాజకీయమే వాళ్లని తయారుచేస్తుంది. గుంటూరు యార్డులో మిర్చి రైతుకి ధర కావాలి, బెజవాడ బీసెంట్ రోడ్డులో తోపుడుబండివాడికి చోటు కావాలి, కాలవగట్టున ఉండేవాళ్లకి పట్టా కావాలి. ఎవరి గోల వాళ్లది. ఈ తీరని కోరికలన్నీ 'మనం', 'వాళ్లు' అనే ఒక్క గీత దగ్గర కలిస్తే అక్కడ 'ప్రజలు' పుడతారు. ఆ గీత గీసే రాజకీయమే పాపులిజం.

జర్మన్ పండితుడు ముల్లర్‌కి ఇక్కడే భయం. పాపులిస్టు నాయకులు 'మేం మాత్రమే ప్రజల ప్రతినిధులం' అన్నారంటే, ఒప్పుకోనివాడు ప్రజల్లోంచే బయటికి పోతాడు.

ఎన్టీఆర్ ఉదాహరణ వదలకు. బియ్యం బదులు 1982 నాటి 'తెలుగువారి ఆత్మగౌరవం' నినాదం తీసుకో, లక్లావ్‌కి అచ్చంగా సరిపోతుంది.