బండి బాగోగులు: కుంగిన సీటుకు స్పాంజి ఒక్కటే మందు కాదు

ప్రశ్న: మా నాన్నగారు 1986లో కొన్న మార్క్ 4 అంబాసిడర్ కారును నేను ఇప్పటికీ నడుపుతున్నాను. కొన్నేళ్లుగా ముందు సీటు నా వైపు బాగా కుంగిపోయింది. పలమనేరు వెళ్లేటప్పుడు మొగిలి ఘాటులో బండి ఎడమకు తిరిగిన ప్రతిసారీ పక్కన కూర్చున్న మా ఆవిడ నా మీదికి జారుకుంటూ వస్తోంది. సీటు కింద మ్యాటు మీద శనగపిండి లాంటి పొడి రోజూ రాలుతోంది. గుంతలో పడితే కీచుమని చప్పుడు కూడా వస్తోంది. ఒక మేస్త్రీ, ఉన్నదాని మీదే నాలుగంగుళాల కొత్త స్పాంజి వేస్తే సరిపోతుందంటున్నారు. ఇంకొకరు బెంచీ సీటు మొత్తం తీసి పారేసి, కొత్త కార్లలో వచ్చే విడి సీట్లు రెండు బిగించుకోమంటున్నారు. ఎవరి మాట వినమంటారు?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, గిరింపేట, చిత్తూరు

జవాబు: మాస్టారూ, ఇద్దరి మాటా వినవద్దనే చెబుతాను. మొదటి మేస్త్రీ చెప్పినట్లు చేస్తే కొన్నాళ్లు హాయిగా ఉంటుంది, ఆ తర్వాత సీటు మళ్లీ అదే వైపుకు ఒరుగుతుంది. ఎందుకంటే మీరు చెప్పిన లక్షణాల్లో పొడి రాలడం ఒక్కటే కచ్చితంగా స్పాంజిది, ఒరగడమూ కీచుమనడమూ ఎక్కువగా దాని కింద ఉన్న స్ప్రింగులవో, ఇనుప చట్రానివో అయి ఉంటాయి. ఇక రెండో ఆయన సలహా సంగతి. అంబాసిడర్ తయారీ ఉత్తరపారా కర్మాగారంలో 2014 మే నెలలోనే ఆగిపోయింది కాబట్టి, ఒకసారి పారేసిన చట్రం లాంటిది మళ్లీ కొత్తది దొరకదు. పాత సామాన్ల కొట్లో దొరికేది మీ దానికంటే నయంగా ఉంటుందన్న నమ్మకమూ లేదు. మీ సీటులో పారేయవలసింది స్పాంజి, బహుశా గోనెపట్టా, మిగిలినదంతా బాగుచేసుకోదగినదే.

ముందుగా సీటును బండిలోంచి దింపించి, నేల మీద బోర్లా వేసి, రెక్సిన్ అంచును చట్రానికి పట్టి ఉంచిన క్లిప్పులను కటింగ్ ప్లయర్‌తో ఒక్కొక్కటిగా మీ ఎదుటే విప్పించండి. అంచు పట్టుకుని గుంజితే పని తొందరగా అవుతుంది కానీ, పాత కవరు చిరిగిపోతుంది; ఆ కవరుతో మనకు తర్వాత పెద్ద అవసరం ఉంది. కవరు, స్పాంజి తీసేశాక స్ప్రింగుల మీద ఉన్న గోనెపట్టాను చూడండి. స్ప్రింగుల ఒత్తిడికి దాని మీద ఆనవాళ్లు పడి ఉంటాయి. మీరు కూర్చునే చోట అవి తెగిన చిల్లులుగా మారి ఉంటే స్పాంజిని అడుగునుంచి కోసి పొడి చేసింది ఆ స్ప్రింగులేనని అర్థం. ఇప్పుడు ఒట్టి స్ప్రింగుల మీద అడ్డంగా ఒక చెక్క పలక పరిచి, మీరు రోజూ కూర్చునే చోట కూర్చోండి. పలక ఒక పక్కకు వాలితే లోపం స్ప్రింగులదే, దాని మీద ఎంత ఖరీదైన స్పాంజి వేసినా ఆ వాలు పోదు. పలక సమంగా దిగితే మాత్రం మీ ఖర్చు చాలావరకు తగ్గినట్లే.

విరిగిన స్ప్రింగును వెల్డింగ్ చేయించడానికి ఒప్పుకోకండి. స్ప్రింగు ఉక్కుకు ఆ సాగే గుణం ప్రత్యేకంగా కాచి చల్లార్చడం వల్ల వస్తుంది, వెల్డింగ్ వేడికి అతుకు చుట్టుపక్కల ఆ గుణం పోయి, అతుకు పక్కనే మళ్లీ విరుగుతుంది. విరిగినదాన్ని మార్చాలి, వదులైనవాటిని పక్కవాటికి గట్టి తీగతో కట్టించాలి. తుప్పును ఉప్పు కాగితంతో రుద్ది, రెడ్ ఆక్సైడ్ పూసి, ఆపైన పెయింటు వేయించండి. చట్రం పగిలి ఉంటే అక్కడ వెల్డింగ్ తప్పు కాదు, అది మామూలు ఇనుమే.

కీచుమనే చప్పుడుకు సాధారణంగా ఇనుముకు ఇనుము రాసుకోవడమే కారణం, కానీ నా అనుభవం వేరు. నా దగ్గర ఒకప్పుడు ఫియట్ పద్మిని ఉండేది. సీటు కుట్టించి నెల తిరగక ముందే కీచుమని మొదలైతే స్ప్రింగులకు గ్రీజు పూయించాను, సీటు ముందుకూ వెనక్కూ జరిగే ఇనుప పట్టాలు బిగించాను, చివరికి విసిగి సీటు విప్పించాను. గోనెపట్టా ఉండవలసిన చోట మేస్త్రీ ప్లాస్టిక్ సిమెంటు బస్తా ముక్క పరిచి ఉన్నాడు, దాని మీద కంపెనీ పేరు కూడా చెదరలేదు. నేసిన ప్లాస్టిక్ స్ప్రింగుల మీద కదిలినప్పుడల్లా అలా అరుస్తుంది. గోనెపట్టా గానీ, దట్టమైన ఫెల్టు గానీ వేస్తారా అని ముందే అడిగి తెలుసుకోండి. అడుగున రబ్బరు పాలు పట్టించిన కొబ్బరి పీచు పరుపు ఉండి, చేత్తో నొక్కితే మళ్లీ లేస్తుంటే దాన్ని ఉంచేయండి. గాలి ఆడే విషయంలో ఏ స్పాంజీ దానికి సాటి రాదు.

శనగపిండి సంగతికి వస్తాను. మనం స్పాంజి అనేది పాలీయురెథేన్ ఫోమ్. గాలిలోని ఆక్సిజన్, తేమ, చెమట, మన ఎండల్లో మూసి ఉంచిన కారులో పుట్టే వేడి కలిసి ఏళ్ల తరబడి దాని అణువుల గొలుసులను తెంచుతాయి. అది ముందు పసుపు రంగుకు తిరుగుతుంది, తర్వాత పిప్పి అవుతుంది, చివరికి పొడిగా రాలుతుంది. నలిగిన స్పాంజికి ఆవిరి పట్టిస్తే కొంత పైకి లేస్తుందన్నది నిజమే, కానీ పొడి అవుతున్నదాన్ని ఏ ఆవిరీ బాగుచేయలేదు. దాన్ని తీసేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి. తీసిన ముక్కలను పెరట్లో తగలబెట్టవద్దు. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్‌తో పాటు హైడ్రోజన్ సయనైడ్ కూడా ఉంటుంది.

కొత్త స్పాంజి కొనే దగ్గరే చాలామంది మోసపోతారు. కొట్లో వేలితో నొక్కి, మెత్తగా ఉన్నదాన్ని మెచ్చి తెచ్చుకుంటారు. మనిషి బరువు పడగానే అది అట్టలా అణిగిపోయి, స్ప్రింగులు తగులుతాయి. ఫోమ్‌కు డెన్సిటీ వేరు, గట్టితనం వేరు. 40 డెన్సిటీ అంటే ఒక ఘనపు మీటరు ఫోమ్ 40 కిలోలు తూగుతుందని అర్థం తప్ప, గట్టిగా ఉంటుందని కాదు. ఎన్నాళ్లు మన్నుతుందనేది ఎక్కువగా డెన్సిటీని బట్టి ఉంటుంది. కొట్టువారి మాట నిజమో కాదో మీరే తేల్చుకోవచ్చు: పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి సెంటీమీటర్లు ఉండేలా ఒక ముక్క కోయించి తూకం వేయండి. 40 డెన్సిటీ అయితే 40 గ్రాములు, 32 అయితే 32 గ్రాములు తూగాలి. కొందరు తయారీదారులు సుద్దపొడి లాంటివి కలిపి బరువు పెంచుతారు కాబట్టి, ఆ ముక్కను వేళ్ల మధ్య గట్టిగా నలిపి తెల్లటి పొడి రాలుతుందేమో కూడా చూడండి. మీ సీటుకు నేనైతే అడుగున ఒక అంగుళం రీబాండెడ్ ఫోమ్, దాని మీద 40 డెన్సిటీ ఫోమ్, పైన అర అంగుళం మెత్తటిది వేయిస్తాను. రీబాండెడ్ అంటే ముక్కలను కలిపి ఒత్తి చేసిన రంగురంగుల పలక, బరువుగా ఉంటుంది, స్ప్రింగు మొనలను తట్టుకుంటుంది. పొరలను అతికించే సింథటిక్ రబ్బరు జిగురును రెండు వైపులా పూసి, తడి ఆరి వేలికి అంటీ అంటనట్లు అయ్యాకే కలపాలి. తొందరపడి తడిగా కలిపితే జిగురు లోపలే గడ్డకట్టి, కూర్చున్నప్పుడు గట్టిగా తగులుతుంది.

అన్నిటికంటే ముఖ్యం ఎత్తు. నాలుగంగుళాల స్పాంజి వేస్తే మీ తొడలు స్టీరింగుకు తగులుతాయి, క్లచ్ తొక్కేటప్పుడు మడమ నేలకు ఆనదు. కుంగిన సీటుకు అసలు ఎత్తు ఎలా తెలుస్తుందంటారా? బెంచీ సీటు నడిమధ్య ఎవరూ అంతగా కూర్చోరు కాబట్టి, విప్పకముందే అక్కడ నేల నుంచి ఎత్తు కొలిచి రాసుకోండి. రెండో ఆధారం పాత కవరు: దాని పక్క పట్టీ వెడల్పు చూస్తే అసలు దిండు ఎంత మందమో తెలిసిపోతుంది. కవరును పారేయనివ్వవద్దన్నది ఇందుకే. దాని కుట్లు విప్పి, ఆ ముక్కలనే కొలతగా పెట్టుకుని కొత్తది కోయాలి. ఫోమ్‌ను మాత్రం కవరు కంటే ప్రతి వైపూ ఒక సెంటీమీటరు పెద్దగా కోయిస్తే కవరు ముడతలు లేకుండా బిగుతుగా కూర్చుంటుంది.

కవరుకు రెక్సినా, గుడ్డా అన్నది మీ ఇష్టం. రెక్సిన్ అనేది ఒకప్పుడు ఇంగ్లండు కంపెనీ తన పూత గుడ్డకు పెట్టుకున్న వ్యాపార నామం. ఇప్పుడు మనకు దొరికేది గుడ్డ మీద పీవీసీ పూత. అందులో మెత్తదనం కోసం కలిపిన నూనెల్లాంటి పదార్థాలు ఎండకు క్రమంగా పోయి, అది బిరుసెక్కి పగులుతుంది. చిత్తూరు మే నెల ఎండలో నల్ల రెక్సిన్ మీద కూర్చోవడం మీకు తెలియనిది కాదు. పూర్వం అధికారుల అంబాసిడర్లలో సీట్ల మీద తెల్ల టర్కీ టవళ్లు పరిచేది హోదా కోసమని అనుకుంటారు గానీ, చెమటకూ తల నూనెకూ అంతకంటే మంచి ఉపాయం ఈనాటికీ లేదు.

ప్రశ్న: నేను తిరుపతిలో టాటా సుమో అద్దెకు తిప్పుతున్నాను. కొండ మీద స్నానం చేసి తడి బట్టలతో ఎక్కేవాళ్ల వల్ల వెనక సీట్లు ముక్కిన వాసన వస్తున్నాయి. గుండు చేయించుకున్నవాళ్ల తల గంధం సీటు వీపుకు అంటి మరకలవుతోంది. డైమండ్ కుట్టు వేసిన కొత్త సీట్లు వేయించాలనుకుంటున్నాను. మంచిదేనా?
– డ్రైవరు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: తమ్ముడూ, డైమండ్ కుట్టు చూడటానికి బాగుంటుంది, కానీ మీ బండికి పనికిరాదు. రెక్సిన్ నీటిని ఆపుతుంది, సూది చిల్లు ఆపదు. డైమండ్ కుట్టులో కూర్చునే చోటంతా వందల సూది చిల్లులు పడతాయి. ఒక్కొక్క తడి పంచె నుంచి దిగిన నీరు ఆ చిల్లుల గుండా ఫోమ్‌లోకి పోతుంది, తిరిగి వచ్చే దారి మాత్రం దానికి ఉండదు. కూర్చునే భాగం ఒకే ముక్కగా, కుట్లన్నీ అంచుల్లోనే ఉండేలా సాదా రెక్సిన్‌తో కుట్టించండి. లోపల పాలిథీన్ షీటు పరుస్తామని కొందరు మేస్త్రీలు అంటారు. అది పైనుంచి నీటిని ఆపుతుంది, నిజమే. కానీ అంచుల కుట్ల గుండా దిగిన తడిని ఆరనివ్వదు. నేను వద్దంటాను.

కొత్తవి వేయించే ముందు ఉన్నవాటిని ఒకసారి దింపి చూడండి. ఫోమ్ గట్టిగానే ఉంటే పొడి తువ్వాళ్లతో నొక్కి నీరు పీల్చి, నీడలో గాలి తగిలేలా నిలువుగా ఆనించి రెండు రోజులు ఆరనివ్వండి. ఎండలో పెడితే తొందరగా ఆరుతుంది గానీ, ఫోమ్ పసుపెక్కి పాడవుతుంది. ఆరాక వంటసోడా చల్లి, ఒక రాత్రి ఉంచి దులిపితే వాసన చాలావరకు పోతుంది. నల్ల బూజు చుక్కలు లోపలిదాకా పోయి ఉంటే ఆ ఫోమ్‌ను తీసేయడమే మంచిది. సీటు దింపినప్పుడే కింద రేకును కూడా చూసుకోండి, అక్కడ చేరిన తడికి తుప్పు మొదలై ఉండవచ్చు.

గంధాన్ని తడిగా ఉన్నప్పుడు తుడిస్తే ఇంకా లోపలికి పాకుతుంది. ఎండనిచ్చి, బ్రష్‌తో దులిపి, మిగిలిన జాడను సబ్బు నీటిలో పిండిన గుడ్డతో తుడవాలి. తలలు ఆనే చోటికి మాత్రం విప్పి ఉతుక్కునే గుడ్డ తొడుగులు రెండు జతలు కుట్టించుకోండి, ఒకటి బండిలో, ఒకటి ఉతుకులో. ఇంకో మాట: ఘాటు దిగేటప్పుడు వరుసగా బ్రేకు వేస్తుంటారు కాబట్టి, నున్నటి రెక్సిన్ మీద ప్రయాణికులు ముందుకు జారుతారు. సీటు ముందు అంచు వెనక భాగం కంటే కొంచెం ఎత్తుగా ఉండేలా ఫోమ్ కోయించండి.

ప్రశ్న: మా పాత జీపులో వెనక ఎదురెదురుగా ఉన్న రెండు బెంచీలు తుక్కుతుక్కు అయ్యాయి. వాటి బదులు ముందుకు చూసే సీటు ఒకటి పెట్టించవచ్చా?
– రైతు, పలమనేరు

జవాబు: బెంచీలనే కొత్త ఫోమ్, కొత్త రెక్సిన్‌తో బాగుచేయించుకుంటే ఎవరి అనుమతీ అక్కర్లేదు. సీట్ల అమరిక మారిస్తే మాత్రం ఆర్‌సీలో రాసిన సీట్ల సంఖ్య మారే అవకాశం ఉంది. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలతో ఆర్‌సీ సరిపోలకుండా పోయేలా బండిని మార్చకూడదు. కాబట్టి ముందు రవాణా శాఖ కార్యాలయంలో అడిగి, తర్వాత పని మొదలుపెట్టండి. పై అంబాసిడర్ మాస్టారికి విడి సీట్లు వద్దనడానికి ఇదీ ఒక కారణం. ఇంకా ముఖ్యమైన సంగతి బోల్టులది. పక్క బెంచీల కోసం వేసిన చిల్లులు ముందుకు చూసే సీటుకు సరిపోవు. పలచటి రేకుకు కొత్త చిల్లు వేసి బిగిస్తే, గట్టిగా బ్రేకు పడినప్పుడు సీటు మనుషులతో సహా ఊడి వస్తుంది.