రోజంతా నిలబడి చేసే పని, నడుము నొప్పి: డబ్బు పెట్టకుండా ఇంట్లోనే యోగా ఎలా చేయాలి?

భీమవరం దగ్గర రొయ్యల షెడ్డులో రోజంతా నిలబడి పని చేస్తున్నానని, సాయంత్రానికి పిక్కలు లాగేసి నడుము పట్టేస్తోందని రాశారు. క్లాసుకు ఫీజు కట్టే స్తోమత లేదు, మ్యాట్ లేదు, ఇల్లు ఇరుకు, పైసా ఖర్చు లేకుండా యోగా మొదలుపెట్టొచ్చా అని అడిగారు. నిక్షేపంగా మొదలుపెట్టండి. మాది రాజోలు వైపు. నేను మిషన్ కుడతాను, కాబట్టి నడుము నొప్పి ఎలా ఉంటుందో నాకు చెప్పక్కర్లేదు. యోగా కోసం నేను ఇప్పటిదాకా ఒక్క రూపాయి కూడా పెట్టలేదండి.

మీకు మొదట కావాల్సింది ఖాళీగా ఉన్న గోడ. పని నుంచి రాగానే, ఏమీ తినకముందే, గోడ పక్కన కూర్చుని ఒక తుంటి గోడకు ఆనించండి. అలాగే ఒరిగి వెల్లకిలా పడుకుంటూ రెండు కాళ్లూ గోడ మీదికి చేర్చండి. తుంటికీ గోడకూ మధ్య బెత్తెడు దూరం ఉన్నా ఫర్వాలేదు, మోకాళ్లు మాత్రం బిగబట్టొద్దు. ఐదు నుంచి పది నిమిషాలు చాలు. పొద్దుటి నుంచి కాళ్లలోకి దిగిన రక్తం, నీరు వెనక్కి మళ్లి పిక్కల బరువు తగ్గుతుంది. దీన్ని విపరీత కరణి అంటారు. లేచేటప్పుడు మోకాళ్లు మడిచి, పక్కకు తిరిగి, కాసేపు ఆగి లేవండి. గబుక్కున లేస్తే కళ్లు తిరుగుతాయి. గ్లకోమా (కంటిలో ఒత్తిడి పెరిగే జబ్బు), గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగాకే చేయాలి.

ఇక నడుము సంగతి. టేబుల్ మీదికి వంగి రొయ్యలు ఒలిచే మీకైనా, నాట్లు వేసే ఆడవాళ్లకైనా, మిషన్ ముందు కూర్చునే నాకైనా రోజంతా ముందుకు వంగడమే. ఇంటికొచ్చి మళ్లీ ముందుకు వంగే ఆసనాలతో మొదలుపెడితే నొప్పి ఎక్కువయ్యే అవకాశం ఉంది. వెనక్కి వంగేవి పట్టుకోండి: అర్ధచక్రాసనం (నిలబడి, నడుముకు చేతులు ఆనించి వెనక్కి వంగడం), భుజంగాసనం (బోర్లా పడుకుని ఛాతీ పైకెత్తడం), సేతుబంధాసనం (వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి నడుము పైకెత్తడం). భుజంగాసనంలో చాలామంది చేతుల మీద బరువంతా వేసి ఛాతీని పైకి తోసేస్తారు. అలా వద్దు. బొడ్డు నేలకు ఆనే ఉండాలి. ఊపిరి పీలుస్తూ వీపు బలంతో లేవాలి. అరచేతులు ఒక్కసారి నేల నుంచి ఎత్తి చూడండి, ఛాతీ ఎంత ఎత్తులో నిలిస్తే ప్రస్తుతానికి మీకు అంతే ఎత్తు. ఎక్కడైనా కలుక్కుమంటే ఆపేయండి.

మ్యాట్ గురించి బెంగ వద్దు. నిలబడి చేసేవాటికి వట్టికాళ్లతో పొడి నేలే మేలు. మన దగ్గర ఇబ్బందల్లా వానాకాలంలో. టైల్స్ చెమర్చి కాలు సర్రున జారుతుంది. ముసురు రోజుల్లో పొడిగుడ్డతో తుడవకుండా ఒంటికాలి మీద నిలబడే వృక్షాసనం జోలికి వెళ్లొద్దు, తుడిచాక కూడా గోడ పక్కనే నిలబడండి. పడుకుని చేసేవాటికి తుంగచాప చాలు. అది టైల్స్ మీద జరుగుతుంటే కింద ఉతికి ఆరేసిన గోనెసంచి పరవండి, నార గోనె అయితేనే కదలకుండా పట్టి ఉంచుతుంది. సుఖాసనంలో (మామూలుగా కాళ్లు మడిచి కూర్చోవడం) మోకాళ్లు పైకి లేస్తుంటే భోజనాల పీట మీద మడతపెట్టిన దుప్పటి వేసుకుని కూర్చోండి, నడుము దానంతటదే నిటారుగా అవుతుంది.

దోమల మాట ఎవరూ చెప్పరు గానీ, కాలవగట్టు ఊళ్లలో శవాసనం (చివర్లో వెల్లకిలా కదలకుండా పడుకోవడం) చెడగొట్టేది అవే. నేను శవాసనం, నాడీశోధన (ఒక్కో ముక్కురంధ్రంతో మార్చి మార్చి ఊపిరి తీయడం), భ్రామరి (తుమ్మెదలా శబ్దం చేస్తూ ఊపిరి వదలడం) దోమతెరలోనే చేసుకుంటాను. మీరూ మొహమాటపడకుండా అలాగే కానివ్వండి.

ఏది ముందు, ఏది వెనక అనే క్రమం కోసం ఫోన్‌లో పది వీడియోలు వెతక్కండి. కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ ‘కామన్ యోగా ప్రోటోకాల్’ అని 45 నిమిషాల క్రమం ఒకటి తయారుచేసింది. ఏటా జూన్ 21న యోగా దినోత్సవంలో అందరితో చేయించేది అదే. మెడ, భుజాలు వదులు చేసుకోవడం నుంచి ధ్యానం దాకా వరుసగా ఉంటుంది. పుస్తకం, వీడియో రెండూ ఉచితం. 2025లో మన రాష్ట్రంలో మే 21 నుంచి నెల రోజులు ప్రభుత్వం యోగాంధ్ర అనే యోగా కార్యక్రమం నడిపినప్పుడు ఊళ్లలో కూడా నేర్పించారు. అప్పుడు నేర్చుకున్నవాళ్లు మీ వీధిలో ఉంటే ఒక్కసారి మీ భంగిమ చూడమనండి. మన తప్పు మనకు కనపడదు కదా. మొత్తం ఒకేరోజు చేయక్కర్లేదు, మొదట పైన చెప్పినవాటితో పావుగంట చాలు. అన్నం తిన్నాక మూడు గంటలు ఆగాలి. శీర్షాసనం మాత్రం వీడియో చూసి ఎట్టి పరిస్థితుల్లోనూ చేయొద్దు. కపాలభాతి (పొట్ట లోపలికి లాగుతూ ఊపిరి వేగంగా వదలడం) బీపీ ఉన్నవాళ్లకు, గర్భిణులకు పనికిరాదు.

ఒక్క విషయం దయచేసి తేలిగ్గా తీసుకోకండి. రెండు కాళ్లూ కాక ఒక్క కాలే వాచి, వేడిగా ఉండి, పిక్క నొక్కితే నొప్పి పుడుతుంటే అది లోపల రక్తం గడ్డకట్టడం కావచ్చు. నడుము నొప్పి కాలి కిందికి పాకి తిమ్మిరెక్కుతున్నా తేలిగ్గా తీసుకోవద్దు. ఈ రెండింటిలో ఏది ఉన్నా ఆసనాలన్నీ ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. మీకు ఇప్పుడు అలాంటిదేమైనా ఉందా? ఉంటే మొదలుపెట్టకముందే ఇక్కడ రాయండి.