తెలుగింటి అమ్మాయి ఒడియా పరీక్షలో తడబడుతోందన్న ప్రశ్నకు సమాధానం

రాయగడ సోదరి గారికి నమస్కారం. ఇంట్లో ఒడియా వ్యాసం తడుముకోకుండా రాసే మీ అమ్మాయి, ‘తెలుగు పిల్లలకు ఒడియా పట్టుబడదు’ అని మాస్టారు అన్నప్పటి నుంచి పరీక్షలో యుక్తాక్షరాలు (ఒత్తులున్న అక్షరాలు) కూడా తప్పు రాస్తోందన్నారు. ఇది చదువులో లోపంలా లేదు. మనస్తత్వ శాస్త్రవేత్తలు క్లాడ్ స్టీల్, జాషువా ఆరన్సన్ 1995లో ప్రచురించిన అమెరికా ప్రయోగాలలో, పరీక్ష తెలివిని కొలిచేదని చెప్పినప్పుడు, ‘తెలివి తక్కువవాళ్లు’ అన్న అపవాదు మోస్తున్న నల్లజాతి విద్యార్థులు వెనుకబడ్డారు. అదే పరీక్షను మామూలు అభ్యాసమని చెప్పినప్పుడు మెరుగ్గా రాశారు. (తరువాతి పరిశోధనలలో ఈ ప్రభావం ఇంత బలంగా కనిపించలేదు, కనుక నెపమంతా దీని మీదకే నెట్టకండి.) ‘మనవాళ్ల పరువు పోతుందేమో’ అన్న దిగులు, జవాబు మీద నిలవవలసిన ధ్యాసను కొంత లాగేసుకుంటుంది. ఆ దిగులు ఎందుకు కలుగుతుందో అమ్మాయికి విడమరచి చెప్పి, గడియారం ఎదుట పెట్టి పాత ప్రశ్నపత్రాలు రాయించండి. మాస్టారితో తగవు వద్దు. అమ్మాయి ఇంట్లో రాసిన నోటుపుస్తకం చూపించి, ఆ మాట తరగతిలో అనవద్దని మర్యాదగా కోరండి.