మిర్యాలగూడలో ఉప్పుడు బియ్యం మిల్లు మీద సోలార్ పెట్టిస్తే గిట్టుబాటవుతుందా?

గిట్టుబాటవుతుంది. కాకపోతే కొటేషన్ ఇచ్చేవాళ్లు బూడిద సంగతి, పవర్ ఫ్యాక్టర్ (తీసుకున్న కరెంటులో నిజంగా పని చేసే వంతు) సంగతి ఎత్తరు. డబ్బు పోయేది అక్కడే.

కిలోవాట్‌కు నీడ పడని జాగా 100 చదరపు అడుగులు కావాలి, సగటున రోజుకు 4 యూనిట్లు వస్తాయి. 150 కిలోవాట్లంటే 545 వాట్ల ప్యానెళ్లు 275, ఒక్కోటి దగ్గరదగ్గర 28 కిలోలు. సిమెంటు రేకుల మీద ఎక్కించొద్దు. ఇనుప రేకుల షెడ్డయినా పర్లిన్లు (రేకులను కింద మోసే ఇనుప కడ్డీలు) ఇంజినీరుకు చూపించాకే.

ఊక బాయిలర్ పొగగొట్టం నుంచి వచ్చే బూడిద రాత్రి మంచుకు తడిసి, పొద్దెక్కేసరికి ప్యానెల్ కింది అంచున పట్టీలా గట్టిపడుతుంది. సెల్స్ వరసగా కలిసి ఉంటాయి కాబట్టి ఆ అడుగు వరస మూసుకుపోతే ప్యానెల్ ఉత్పత్తి సగం దాకా పడిపోవచ్చు. మధ్యలో తళతళలాడుతుంటే కింద నిల్చున్నవాళ్లకు తెలియదు. అందుకే వాలు 10 డిగ్రీలకు తగ్గనియ్యొద్దు, నడిచే దారి వదలాలి, వారానికోసారి తెల్లారకముందే కడగాలి. ఎండెక్కాక చన్నీళ్లు కొడితే అద్దం పగలొచ్చు. నల్లగొండ బోరు నీళ్లు ఉప్పు నీళ్లు, తెల్ల మరకలు పడతాయి. డ్రయ్యర్ నుంచి వచ్చే కండెన్సేట్‌ను, అంటే ఆవిరి నుంచి మారిన నీళ్లను, చల్లార్చి వాడండి, దాన్ని మించింది లేదు.

ఇక బిల్లు. హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్‌కు బిల్లు కేవీఏహెచ్ లెక్కన, అంటే పని చేసే కరెంటుతో పాటు పని చేయని కరెంటును కూడా కలిపి వస్తుంది. మిల్లు లోడు 200 కిలోవాట్లు, పవర్ ఫ్యాక్టర్ 0.95 అనుకోండి. మధ్యాహ్నం సోలార్ 150 ఇస్తే గ్రిడ్ నుంచి తీసుకునేది 50 కిలోవాట్లే, కానీ రియాక్టివ్ లోడు (మోటార్ల అయస్కాంతానికి పోయే, పని చేయని కరెంటు) 66 కేవీఏఆర్ అట్లనే ఉంటుంది. మీటరు దగ్గర పవర్ ఫ్యాక్టర్ 0.6కు పడిపోతుంది, 53 కావాల్సిన చోట 83 కేవీఏ తిరుగుతుంది. ఏపీఎఫ్‌సీ ప్యానెల్ (పవర్ ఫ్యాక్టర్ పడిపోకుండా కెపాసిటర్లను తనంతట తానే వేసే పెట్టె) సీటీని, అంటే దానికి కరెంటు కొలిచిచ్చే చుట్టను, సోలార్ కలిసే చోటుకు ముందు, గ్రిడ్ వైపు ఇన్‌కమర్ (కరెంటు లోపలికొచ్చే మెయిన్ లైను) మీద పెట్టించాలి. లోడు వైపు ఉంటే దానికి అంతా బాగానే కనిపిస్తుంది, కెపాసిటర్లు వేయదు. ఇంకోటి, కరెంటు పోతే సోలార్ కూడా ఆగుతుంది. అది డీజిల్ జనరేటర్‌కు బదులు కాదు.

అసలు నా మాటేంటంటే, సోలార్ కంటే ముందు ఆవిరి చూసుకోండి. 100 టన్నుల వడ్లకు 20 టన్నులకు పైగా ఊక వస్తుంది, అదే మీ ఇంధనం. చాలా మిల్లుల్లో డ్రయ్యర్ కండెన్సేట్ కాలువ పాలే. బాయిలర్‌కు పోయే నీళ్లు 6 డిగ్రీలు వేడెక్కితే ఒక శాతం ఇంధనం మిగులుతుంది. 30 డిగ్రీల బోరు నీళ్లకు బదులు 80 డిగ్రీల కండెన్సేట్ పంపితే 8 శాతం ఊక మిగిలినట్టే. కావాల్సింది పని చేసే స్టీమ్ ట్రాపులు (ఆవిరిని ఆపి నీళ్లను మాత్రమే వదిలే వాల్వులు), ఒక ఇనుప ట్యాంకు, వేడి నీళ్లు తట్టుకునే పంపు, వేడి పోకుండా గ్లాస్ ఊల్ చుట్టిన పైపులు. పంపు ట్యాంకు కంటే కిందుండాలి, లేకుంటే వేడి నీళ్లు పంపులోనే ఆవిరై లాగడం మానేస్తుంది.

టన్ను వడ్లు నానడానికి 1,200 లీటర్లకు పైనే కావాలి. ఫ్లోరైడ్ జిల్లాలో అన్ని నీళ్లు తోడి, ఆ పులిసిన నీళ్లను వాగులోకి వదిలి, పైన సోలార్ పెట్టుకుని పర్యావరణం కాపాడుతున్నామంటే ఒప్పుకోను. బోరుకు మీటరు పెట్టించండి, నానబెట్టిన నీళ్లను శుద్ధి చేయకుండా గేటు దాటనియ్యకండి.