మధ్యధరా రుచుల బర్గర్ గురించి పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి అమ్మాయికి, పెద్దమ్మ ఆశీస్సులు.

మధ్యధరా పద్ధతిలో బర్గర్ చేస్తుంటే లోపలి మాంసపు బిళ్ల, అదే ప్యాటీ, పెనం మీదే విచ్చిపోతోందనీ, విచ్చకుండా నిలిచిన రోజున బన్ అడుగుభాగం తడిసి చేతిలో ఊడిపోతోందనీ రాశావు. మసాలా పాళ్లు మార్చితే బాగుపడుతుందా అని అడిగావు. మసాలాల తప్పేమీ లేదు. నువ్వు చెప్పిన రెండు చిక్కులకూ మూలం నీరే. ఈ బర్గర్‌లో పడే ఉల్లిపాయ, టమాటా, కీరా దోసకాయ, పెరుగు, ఆకుకూరలు అన్నీ నీటితో నిండినవే కనుక, ఏ నీటిని ముందుగానే తీసివేయాలో, ఏ రసాన్ని లోపలే నిలుపుకోవాలో తెలిస్తే మిగిలిన పని సులువవుతుంది.

అయితే అంతకన్నా ముందు ఏ తీరపు రుచి కావాలో నిర్ణయించుకో. ఆలివ్ నూనె, వెల్లుల్లి, నిమ్మరసం ఆ సముద్రం చుట్టూ ఉన్న దేశాలకు ఉమ్మడివే గాని, ఆ తరువాత దారులు వేరవుతాయి. గ్రీసు వైపు ఎండు ఒరెగానో, పుదీనా, ఫెటా చీజ్, పెరుగు కలిసి నడుస్తాయి. లెబనాన్, సిరియాల వైపు కొత్తిమీరను పోలిన పార్స్‌లీ ఆకు, పుల్లని సుమాక్ పొడి, నువ్వుల ముద్ద అయిన తహీనీ. ట్యునీషియా వైపు ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, ధనియాలు, షాజీరా కలిపి ఆలివ్ నూనెతో నూరిన హరీసా. నువ్వు రాసిన జాబితాలో ఇవన్నీ ఒకే బర్గర్‌లో ఉన్నాయి. ఒక బర్గర్‌కు ఒక తీరం చాలు. ఈ ఉత్తరంలో గ్రీకు దారినే పట్టుకుని చెబుతాను. అది కుదిరితే మిగిలినవి మసాలాలు మార్చుకుని నువ్వే చేసుకోగలవు.

నలుగురికి 500 గ్రాముల గొర్రెమాంసపు ఖీమా సరిపోతుంది. అందులో కొవ్వు నూటికి 20 పాళ్ల వరకు ఉండాలి. ఆరోగ్యం పేరు చెప్పి కొవ్వంతా తీయించిన ఖీమా తెచ్చుకుంటే, వేగేటప్పుడు మాంసంలోని నీరు బయటికి పోయి, ఆ లోటు తీర్చే కొవ్వు కూడా లేక ప్యాటీ పొడిబారిపోతుంది. మాంసాన్ని ఒక్కసారి మాత్రమే, కాస్త ముతకగా ఆడించమని అడుగు. కలిపేవరకూ ఖీమాను ఫ్రిజ్‌లోనే ఉంచు, ఎందుకంటే చేతి వేడికి కొవ్వు కరగడం మొదలైతే ముద్ద జిడ్డుగా మారి ఆకారం నిలువదు. కోడిమాంసపు ఖీమా వాడదలిస్తే దానిలో కొవ్వు తక్కువ కనుక రెండు చెంచాల ఆలివ్ నూనె కలుపుకో.

ఇక ఉల్లిపాయ. నీ ప్యాటీలు విచ్చడానికి ప్రధాన కారణం అదేనని నా అనుమానం. ముక్కలుగా తరిగి వేస్తే ప్రతి ముక్క దగ్గరా మాంసం అతుక్కోక చీలిక ఏర్పడుతుంది. తురిమి అలాగే వేస్తే రసమంతా ముద్దలోకి చేరి అది పలచబడుతుంది. చిన్న ఉల్లిపాయ ఒకటి సన్నని తురుముపీట మీద తురిమి, పలచని గుడ్డలో మూటగట్టి, ఇక చుక్క కూడా రాలనంతవరకు గట్టిగా పిండు. ఆ పిప్పికి రెండు వెల్లుల్లి రెబ్బల తురుము, ఒక చెంచా ఎండు ఒరెగానో, ఒక చెంచా వేయించిన జీలకర్ర పొడి, గుప్పెడు సన్నగా తరిగిన పుదీనా చేర్చు. పుదీనాను కడిగిన వెంటనే తరగవద్దు. గుడ్డ మీద పరిచి పూర్తిగా ఆరనిచ్చిన తరువాతే కత్తి పెట్టు. గుడ్డు, రొట్టె పొడి వేయాలా అని అడిగావు. ఉల్లిపాయను సరిగా పిండినదానికి అవేవీ అవసరం లేదు.

ఉప్పు విషయంలో మాత్రం నా మాట జాగ్రత్తగా విను. ఖీమాలో ఉప్పు వేసి పిసికితే మాంసంలోని ప్రొటీన్లు కొంత కరిగి, జిగురులా ఒకదానితో ఒకటి అల్లుకుంటాయి. ఊచకు పట్టించి కాల్చే కోఫ్తాకు ఆ జిగురే బలం, కాబట్టి అక్కడ ఉప్పు వేసి బాగా పిసకడమే పద్ధతి. బర్గర్‌కు అది పనికిరాదు. కొరికితే వదులుగా విడిపోవలసిన ప్యాటీ రబ్బరులా సాగుతుంది. అందుచేత ఖీమాలో ఉప్పు వేయకుండా మసాలాలు చల్లి, వేళ్లతో పైపైన కలిసేంతవరకే కలిపి ఆపేయి. చివరగా 75 గ్రాముల ఫెటాను పెద్ద పలుకులుగా చిదిపి, నలగకుండా కలుపు. ప్యాటీలు పెనం మీద వేసే క్షణానికి ముందు రెండు వైపులా పైన ఉప్పు చల్లితే చాలు. ఫెటాలో ఉప్పు బాగానే ఉంటుంది కనుక అదీ కొద్దిగానే.

ఫెటా కొనేటప్పుడు పొట్లం మీద ఏముందో చదువు. 2002 నుంచి యూరప్ యూనియన్‌లో గ్రీసులో తయారైనదానికే ఆ పేరు చెల్లుతుంది. గొర్రెపాలతో, కావాలంటే నూటికి 30 పాళ్లకు మించకుండా మేకపాలు కలిపి, దాన్ని చేస్తారు. ఆవుపాలతో చేసిన అనుకరణలు మరోచోట అదే పేరుతోనో దగ్గరి పేరుతోనో దొరుకుతాయి; అవి తినకూడనివి కావు గాని ఆ పులుపు, ఆ ఘాటు ఉండవు. ఉప్పునీటిలో ఉన్న ముక్కను తెచ్చుకుని, వాడేముందు నీటిని ఒత్తి తుడిచేయి. ఫెటా మొజరెల్లాలా సాగుతూ కరగదు, మెత్తబడుతుందంతే. కరగలేదని మంట పెంచవద్దు.

ముద్దను నాలుగు భాగాలు చేసి, రెండు సెంటీమీటర్ల మందాన, బన్ కన్నా ఒక సెంటీమీటరు వెడల్పుగా తట్టు. వేగేటప్పుడు అంచులు కుంచించుకుని నడుమ ఉబ్బుతుంది కాబట్టి బొటనవేలితో మధ్యలో చిన్న గుంట నొక్కి, అరగంట సేపు ఫ్రిజ్‌లో ఉంచు. ఇనుప పెనాన్ని బాగా వేడెక్కించి, కొద్దిగా నూనె రాసి ప్యాటీలు వేశాక వాటి జోలికి పోవద్దు. అడుగు ఎర్రగా కాలితే పెనాన్ని అదే విడిచిపెడుతుంది. అంతకుముందే అట్లకాడ దూర్చితే పొర పెనానికే ఉండిపోతుంది. ఒక్కో వైపు సుమారు నాలుగు నిమిషాలు పడుతుంది. అట్లకాడతో అదిమే అలవాటు ఉంటే మానుకో; పెనం మీద చుయ్‌మని ఆవిరయ్యేది నువ్వు దాచుకోవలసిన రసమే. మాంసాన్ని ఆడించినప్పుడు పైన ఉన్న సూక్ష్మజీవులు లోపలికంతా కలిసిపోతాయి కనుక గొర్రెమాంసమైతే నడిమధ్యన 71 డిగ్రీల సెల్సియస్, కోడిమాంసమైతే 74 డిగ్రీలు వచ్చేవరకు ఉడకాలి. రంగు చూసి నిర్ణయించడం నమ్మదగినది కాదు. వంటింటి థర్మామీటర్ ఒకటి కొనుక్కోమని గట్టిగా చెబుతాను. దించాక మూడు నిమిషాలు పళ్లెంలో వదిలేస్తే రసం లోపల కుదురుకుంటుంది.

బన్ తడవడానికి కారణం పెరుగు పచ్చడి. గ్రీకులు త్సాత్సికీ అనే ఆ పచ్చడికి పెరుగును గుడ్డలో కట్టి, ఫ్రిజ్‌లో మూడు నాలుగు గంటలు వేలాడదీసి, చెంచా నిలబడేంత గట్టిపడ్డాక వాడు. ఒక కీరాను గింజలు తీసి తురిమి, అర చెంచా ఉప్పు కలిపి పావుగంట ఉంచితే నీరంతా ఊరుతుంది. దాన్ని కూడా ఉల్లిపాయలాగే పిండి పెరుగులో కలుపు. ఒక వెల్లుల్లి రెబ్బ తురుము, కొద్దిగా నిమ్మరసం, సోయికూర, చెంచా ఆలివ్ నూనె చేరిస్తే పూర్తవుతుంది. పచ్చి వెల్లుల్లి ఘాటు గంట గంటకూ పెరుగుతుంది, కాబట్టి రెండో రెబ్బ వేయాలనే ఆశను అణచుకో. టమాటా చక్రాలపై ఉప్పు చల్లి పది నిమిషాలు గుడ్డ మీద ఆరబెట్టు.

వెన్న, గుడ్లు వేసి చేసే బ్రయోష్ బన్ ఈ రుచులకు నప్పదు, దాని తీపి ఫెటాతో తగాదా పడుతుంది. గట్టి పైపొర ఉన్న రొట్టె అయితే కొరికినప్పుడు లోపలివన్నీ వెనక నుంచి జారిపోతాయి. మెత్తని తెల్ల బన్ గాని, మందమైన పీటా రొట్టె గాని తీసుకుని, కోసిన ముఖానికి ఆలివ్ నూనె రాసి పెనం మీద ఎర్రగా కాల్చు. ఆ కాలిన పొర తడిని ఆపుతుంది. కింది బన్ మీద లెట్యూస్ ఆకు, దానిపై ప్యాటీ, పైన టమాటా, ఆఖరున త్సాత్సికీ వచ్చేలా పేర్చు. పచ్చడిని కింద రాయవద్దు.

మాంసం తినని స్నేహితులు వస్తారన్నావు. వారికి ఫలాఫెల్ పద్ధతిలో ప్యాటీ చేయి. కాబూలీ శనగలను కనీసం పన్నెండు గంటలు నానబెట్టి, ఉడికించకుండా, నీరు పూర్తిగా వడకట్టి, ఉల్లిపాయ, పార్స్‌లీ, కొత్తిమీర, ధనియాలు, జీలకర్ర, ఉప్పుతో బరకగా రుబ్బాలి. డబ్బాలో వచ్చే ఉడికిన శనగలు వాడితే వాటి పిండిపదార్థం ముందే ఉడికి నీరు పీల్చుకుని ఉంటుంది గనుక నూనెలో వేయగానే విడిపోతాయి. పచ్చి శనగల్లోనిది పెనం మీద ఉడుకుతూ ముద్దను పట్టి ఉంచుతుంది. వీటిని ఒకటిన్నర సెంటీమీటరుకు మించని మందాన తట్టి, మధ్యస్థమైన మంట మీద, కాస్త ఎక్కువ నూనెలో నిదానంగా వేయించు, లోపల పచ్చి ఉండకూడదు. వీటికి పెరుగు కన్నా తహీనీ, నిమ్మరసం కలిపిన పచ్చడి బాగా కుదురుతుంది. ఇంత శ్రమ వద్దనుకుంటే సైప్రస్‌కు చెందిన హలూమీ చీజ్‌ను ఒక సెంటీమీటరు మందాన కోసి, తడి తుడిచి పెనం మీద కాల్చు, అది కరగదు.

ముందురోజే కొంత పని ముగించుకోవాలంటే ప్యాటీలను తట్టి, మధ్యమధ్య వెన్నకాగితం పెట్టి డీప్‌ఫ్రిజ్‌లో ఉంచుకోవచ్చు. వండే ముందు రాత్రి వాటిని ఫ్రిజ్ కింది అరలోకి మార్చు. పెరుగును వేలాడదీసి ఉంచుకో గాని, కీరా మాత్రం వడ్డించే పూటనే కలుపు.

ఇట్లు,
నీ పెద్దమ్మ