మూడో నెలలో టాక్సో ఐజీజీ, ఐజీఎం రెండూ పాజిటివ్. గర్భం ఉంచుకోవచ్చా?

11వ వారంలో చేయించిన టార్చ్ టెస్టులో (కడుపులోని బిడ్డకు సోకగల కొన్ని ఇన్ఫెక్షన్ల రక్తపరీక్ష) టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవికి ఐజీజీ, ఐజీఎం అనే యాంటీబాడీలు రెండూ పాజిటివ్ అన్నారు కదా. ఆ ఒక్క కాగితం చూసి గర్భం గురించి ఏ నిర్ణయానికీ రావద్దు. ల్యాబులో సీరాలజీ (యాంటీబాడీ పరీక్షల) బెంచి మీద మాకు తరచూ ఎదురయ్యే రిపోర్టే ఇది. ఐజీఎం ఉంటే ఇన్ఫెక్షన్ కొత్తదని అనుకుంటారు, కానీ అది కొందరిలో ఏడాది దాటినా పోదు, కొన్ని కిట్లలో ఊరికే పాజిటివ్ కూడా చూపిస్తుంది.

ఇప్పుడు మీరు డాక్టరుతో రాయించుకోవాల్సింది 'టాక్సో ఐజీజీ ఎవిడిటీ'. యాంటీబాడీ ఆ పరాన్నజీవిని ఎంత గట్టిగా పట్టుకుంటుందో ఇది కొలుస్తుంది. కొత్త ఇన్ఫెక్షన్లో ఆ పట్టు వదులుగా ఉంటుంది, నెలలు గడిచేకొద్దీ బిగుస్తుంది. 11వ వారంలోనే 'హై' వస్తే ఇన్ఫెక్షన్ దాదాపు నాలుగు నెలలు పైబడినదే, అంటే గర్భానికి ముందుది. ఇక బిడ్డ గురించి బెంగ అక్కర్లేదు. 'లో' వస్తే మాత్రం కొత్తదని తేలినట్టు కాదు. కొందరిలో నెలల తరబడి 'లో'గానే ఉండిపోతుంది. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. ఆలస్యం మాత్రం చేయకండి. 16 వారాలు దాటాక 'హై' వచ్చినా తొలి వారాల సంగతి అది చెప్పలేదు.

'లో' గానీ, అటూ ఇటూ కాకుండా గానీ వస్తే రెండు మూడు వారాలకు మళ్లీ రక్తం ఇవ్వాలి. మొదటి శాంపిల్ సీరం (రక్తం నుంచి వేరుచేసిన ద్రవం) పారేయకుండా మైనస్ 20 డిగ్రీల్లో దాచమని ల్యాబుకు ఇవాళే చెప్పండి. రెండు శాంపిళ్లూ ఒకే కిట్టుతో, ఒకే రన్నులో (ఒకేసారి) పెడితేనే ఐజీజీ పెరిగిందో లేదో తెలుస్తుంది. రెండు ల్యాబుల అంకెలు పక్కపక్కన పెట్టి చూడటం దండగ.

పరగడుపున రావక్కర్లేదు. కానీ జుట్టు ఊడుతోందని బయోటిన్ మాత్రలు వాడుతుంటే రెండు మూడు రోజుల ముందు ఆపి, ఆ మాట ల్యాబులో చెప్పండి. కొన్ని మెషీన్లలో అది రిజల్టునే తారుమారు చేస్తుంది. ఇది అడిగేవాళ్లే లేరు!

కొత్త ఇన్ఫెక్షనే అనిపిస్తే డాక్టరు స్పైరామైసిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెడతారు, మామూలుగా గ్రాము చొప్పున రోజుకు మూడుసార్లు. బిడ్డకు సోకిందా అన్నది ఉమ్మనీటి పీసీఆర్ (పరాన్నజీవి డీఎన్ఏ కోసం వెతికే పరీక్ష) చెబుతుంది. అది 18 వారాలు నిండాక, ఇన్ఫెక్షన్ సోకి కనీసం నాలుగు వారాలు గడిచాకే. తొందరపడి తీస్తే సోకినా నెగటివ్ రావచ్చు.

ఫ్రాన్స్‌లో ఐజీజీ నెగటివ్ ఉన్న గర్భిణులకు 1992లో నెలనెలా టెస్టు పెట్టారు. మన దగ్గరేమో అబార్షన్లయ్యాయని ఒక్కసారి టార్చ్ చేయించి వదిలేస్తారు. వరస అబార్షన్లకు టాక్సో కారణం కావడం అరుదు.

ఇది చదివేవాళ్లలో రెండూ నెగటివ్ ఉన్నవాళ్లు మాంసం బాగా ఉడికించి తినండి, ఆకుకూరలు బాగా కడగండి. పిల్లి మలం ఇంట్లో ఇంకెవరైనా ఏ రోజుకారోజు తీసేయాలి. అందులోని ఊసిస్టులకు (పరాన్నజీవి గుడ్లలాంటివి) అంటించే శక్తి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది.